జట్టు ఉడుపులో ఊరి చరిత్ర

వేసవి వచ్చినదనగా నూజివీడు ప్రాంతమున మాటలన్నియు మామిడి చుట్టును తిరుగుచుండును. తోటలలో చిక్కములు కట్టిన దోటీలు లేచును, గంపలు నిండును, లారీలు కదలును. సంతకు వచ్చిన బేరగాడు ధర అడుగుటకు ముందే 'ఇది ఏ కాయ? ఏ ఊరి కాయ?' అని అడుగును. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములను కొంచెము పరిశీలించినచో ఒక విశేషము తోచును. చిన్నరసము, పెద్దరసము అను పేర్లు పండు గుణమును బట్టి వచ్చినవి. తోతాపురి యను పేరు చిలుక ముక్కును పోలిన కొనను బట్టి వచ్చినదందురు. ఆ కాయనే మనవారు కలెక్టరు కాయ యని పిలుతురు. అది ఒక ఉద్యోగపు పేరు. బంగినపల్లి యనునది ఊరి పేరు. ఆ పండు నూజివీటి నేలలో వేరూని, నూజివీటి నీరు త్రాగి పెరిగినను, తన పుట్టినూరి పేరును మాత్రము విడువలేదు.

ఆటల జట్లు ధరించు దుస్తులకును ఇట్టి చరిత్రయే కలదు. జట్టంతయు ఒకే తీరున ధరించు దుస్తులను ఇచట ఉడుపు అనుచున్నాను. కొన్ని ఉడుపులు ఊరి గుణమును చెప్పును. కొన్ని ఆ ఊరికి వలస వచ్చిన జనమును గూర్చి చెప్పును. కొన్ని ఊరివారు చేయు పనిని చూపును. మరికొన్ని కేవలము యజమాని పేరును మోయును. చూచుటకు అది చేతులు లేని బనియను, మోకాళ్లపై నిలుచు లాగు మాత్రమే. కాని దానిపై నున్న రంగును, గుర్తును, అంకెను చదువ నేర్చినచో అది ఒక చిన్న చరిత్ర పుస్తకము వలె విప్పుకొనును. ఈ విషయము బాస్కెట్ బాల్ ఆటలో స్పష్టముగా కానవచ్చును గనుక, ఆ ఆట పుట్టుకతోనే ప్రారంభింతము.

1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలయందు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు ఈ ఆటను కల్పించెను. అది చలికాలము, బయట ఆడుటకు వీలు లేదు, లోపల కుర్రవాండ్రకు వ్యాయామము కావలెను. గోలుగా ఉపయోగించుటకు పెట్టెలు రెండు కావలెనని ఆయన అడుగగా, బడి కాపలాదారు తనయొద్దనున్న పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి యిచ్చెను. వ్యాయామశాల మేడ వసారాకు పది అడుగుల ఎత్తున వానిని కొట్టించి, చెరి తొమ్మండుగురితో ఆట ఆడించిరి. పెట్టె బంతి కావలసిన ఆట ఆ విధముగా బుట్ట బంతి ఆయెను. తొలి దినములలో బుట్టకు అడుగు ఉండెడిది. బంతి పడినప్పుడెల్ల నిచ్చెన యెక్కి తీయవలసి వచ్చెడిది. తరువాత అడుగు తీసివేసి, ఇనుప కడియమునకు వల కట్టిరి. ఆ వలను చూచిన నూజివీటివారికి కాయలు దించు చిక్కము జ్ఞప్తికి రాక మానదు. పండ్ల బుట్టలో పుట్టిన ఆట పండ్ల సీమకు పరాయిది కాదు.

మన దేశమున ఈ ఆట వ్యాప్తికి మద్రాసు నగరము మిక్కిలి తోడ్పడినది. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు అచట వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను నెలకొల్పెను. నాడు తెలుగు జిల్లాలు అనేకము మద్రాసు రాజధానిలోనివే. అట్టి శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టరుల వలన ఇట్టి ఆటలు పాఠశాలల ఆవరణలకు చేరినవి. రెండు కొయ్య స్తంభములు, రెండు పలకలు, రెండు కడియములు, గట్టిపరచిన నేల ఉన్న చాలును.

ఇక ఉడుపు సంగతి. మొదట అది అలంకారము కాదు, అవసరము. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఈ ఆటస్థలము పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఆ చిన్న చోటున పదిమంది ఒకేసారి పరుగెత్తుచుందురు. బంతి అందించువానికి తనవాడెవడో, ఎదుటివాడెవడో రెప్పపాటులో తెలియవలెను. అందువలన ఒక జట్టు లేత రంగును, రెండవ జట్టు ముదురు రంగును ధరించుట నియమమైనది. ఆతిథ్యమిచ్చు జట్టు తెలుపో, లేత రంగో ధరించుటయు, వచ్చిన జట్టు ముదురు రంగు ధరించుటయు చిరకాలపు ఆచారము. చేతులు పైకెత్తి బంతి వేయవలసిన ఆట గనుక భుజములకు అడ్డు లేకుండ చేతులు కుట్టని బనియను ఏర్పడినది.

అంకెల విషయము మరింత వినోదకరము. అంతర్జాతీయ పోటీలలో చాలకాలము 4 మొదలు 15 వరకు గల అంకెలే బనియనులపై కనిపించెడివి. ఒకటి, రెండు, మూడు ఏమైనవి? తప్పు చేసిన ఆటగాని అంకెను నిర్ణేత తన వ్రేళ్లతో చూపి లెక్క వ్రాయువారికి తెలుపును. ఒకటి, రెండు, మూడు వ్రేళ్లు చూపుట గెలిచిన పాయింట్లకును, మూడు సెకండ్ల తప్పిదమునకును గుర్తులు. రెండు అర్థములు కలిసి గందరగోళము కలుగకుండుటకై ఆ అంకెలను విడిచిపెట్టిరి. 2014లో ఈ కట్టుబాటు సడలించి, 99 వరకు అంకెలను అనుమతించిరి.

అవసరమునకు పుట్టిన అంకె కాలక్రమమున ఆత్మీయతకు గుర్తగుటయు కలదు. బాస్టన్ నగరపు జట్టులో బిల్ రసెల్ అను నీగ్రో జాతి మహాక్రీడాకారుడు 6వ అంకె ధరించి ఆడెను. 1957 మొదలు 1969 వరకు గల 13 సంవత్సరములలో ఆ జట్టు 11 మారులు జాతీయ సంఘపు విజేత యైనది. వర్ణ వివక్షకు ఎదురు నిలిచినవారిలో ఆయన యొకడు. 2022లో ఆయన మరణించిన పిమ్మట, ఆ సంఘములోని ఏ జట్టునందును ఇకమీదట క్రొత్తవారెవ్వరికిని 6వ అంకె నీయరాదని నిర్ణయించిరి. ఒక అంకెను వాడకుండ నిలుపుటయే ఆయనకు కట్టిన స్మారకము. విగ్రహమునకు రాయి కావలెను. దీనికి సూది దారము కూడ అక్కరలేదు.

ఇక రంగులకు వత్తము. బాస్టన్ జట్టు ఉడుపు ఆకుపచ్చన. ఏల? పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఐర్లండు దేశములో బంగాళాదుంపల పంట తెగులు పట్టి నశించి, ఘోరమైన కరవు వచ్చినది. పొట్ట చేత పట్టుకొని సముద్రము దాటిన లక్షలాది జనములో అనేకులు బాస్టన్ రేవున దిగిరి. అచట ముందుగా స్థిరపడినవారు వీరిని చాలకాలము చిన్నచూపు చూచిరి. కాని కూలి పనులతో ప్రారంభించిన ఆ జనమే క్రమముగా నగరపాలనలోను, వ్యాపారములోను పైకి వచ్చిరి. 1946లో వాల్టర్ బ్రౌన్ అనునాయన బాస్కెట్ బాల్ జట్టును స్థాపించినప్పుడు దానికి సెల్టిక్స్ అని పేరు పెట్టి, ఐర్లండువారి ఆకుపచ్చను తొడిగెను. ఐరిష్‌వారి పూర్వులకు సెల్టిక్ జాతివారని పేరు. జట్టు గుర్తులలో షామ్‌రాక్ అను ఆకు ఒకటి. అది మన మారేడు దళము వలె మూడు రేకులు గలది. ఒకనాడు సిగ్గుపరుపబడిన వలస జనపు గుర్తు నేడు ఆ నగరమంతయు గర్వముతో ధరించు రంగైనది. ఎనుబది సంవత్సరములకు దగ్గరగా ఆ ఉడుపు పెద్దగా మారకపోవుటయే దాని గౌరవము.

ఫిలడెల్ఫియా నగరపు జట్టు పేరులోనే ఒక సంవత్సరము కలదు. 1776 జూలై 4వ తేదీన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆ నగరమందే వెలువడినది. 1963లో సిరక్యూజ్ పట్టణము నుండి ఒక జట్టు అచటికి తరలివచ్చినప్పుడు ఆ సంవత్సరపు చివరి రెండు అంకెలతో సెవెంటీ సిక్సర్స్ అని పేరు పెట్టిరి. జాతీయ పతాకపు ఎరుపు, తెలుపు, నీలము దాని రంగులు. జట్టు గుర్తులో చూపిన 13 నక్షత్రములు నాడు చేతులు కలిపిన 13 రాజ్యములకు చిహ్నములు. చరిత్ర పాఠము చదువని బాలుడును ఆటకు పోయి ఆ సంవత్సరమును నేర్చుకొని వచ్చును.

ఊరి పనిని చెప్పు ఉడుపునకు డెట్రాయిట్ జట్టు మంచి నిదర్శనము. దాని పేరు పిస్టన్స్. తోటకు నీరు తోడు ఆయిలు ఇంజను నెరిగిన మన రైతునకు పిస్టను అననేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1941లో ఫోర్ట్ వేన్ అను పట్టణమున ఫ్రెడ్ జోల్నర్ అనునాయన, పిస్టనులు తయారుచేయు తన కర్మాగారపు పేర ఈ జట్టును నడపెను. అనగా అది మొదట యజమాని సరకు పేరు. 1957లో జట్టు డెట్రాయిట్ నగరమునకు తరలినది. ఆ నగరమో, మోటారు కార్ల పరిశ్రమకు పట్టుకొమ్మ. ఒక యజమాని ప్రకటనగా పుట్టిన పేరు, లక్షలమంది కార్మికుల జీవితమునకు చక్కగా అమరినది. పేరు మార్చవలసిన పనియే లేకపోయినది.

ఊరి రూపమునే బనియనుపై చిత్రించిన జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోవారిది. వారియర్స్ అను ఆ జట్టు 1962లో ఫిలడెల్ఫియా నుండి పడమటి తీరమునకు వచ్చినది. 1966లో ధరించిన ఉడుపులో ఒక వలయము, అందులో గోల్డెన్ గేట్ వంతెన, పైన 'నగరము' అను ఒకే మాట. వీపున ఆ ఊరి కొండవీథులలో నడుచు తాళ్ల ట్రాము బండి. జట్టు పేరు కూడ వ్రాయలేదు. తరువాత జట్టు అఖాతమునకు ఆవలి ఒడ్డున నున్న ఓక్లండ్‌లో చాలకాలము ఆడినది. 2010లో గుర్తు మరల వంతెన యైనది. కాని అది వేరు వంతెన, రెండు పట్టణములను కలుపు వంతెన. ఆ చిన్న మార్పులో ఎంత లోకజ్ఞానము కలదో గమనింపుడు. ఏ వంతెన గీసిన ఏ ఊరివారు తమదనుకొందురో చిత్రకారుడు ఎరిగియుండెను.

ఇంతవరకు చెప్పినవి ఊరికి చక్కగా అమరిన ఉడుపులు. ఇక అమరనివానిని గూర్చి చెప్పవలెను. అందు మరింత రుచి కలదు. అమెరికాలో జట్టు ఒక ఆస్తి. యజమాని ఇచ్చవచ్చిన ఊరికి దానిని తరలింపవచ్చును. 1947లో మినియాపొలిస్ నగరమున లేకర్స్ అను జట్టు ఏర్పడినది. ఆ మాటకు సరస్సులవారు అని అర్థము. మినెసోటా రాష్ట్రమునకు పదివేల సరస్సుల సీమ యని ప్రసిద్ధి. 1960లో జట్టు లాస్ ఏంజెలెస్ నగరమునకు తరలిపోయినది. అది సముద్రపుటొడ్డున నున్నను, వాన తక్కువగు నగరము. సరస్సులకు పేరు పడినది కాదు. ఐనను పేరు మారలేదు. 1967లో ఊదా, బంగారు వన్నెల క్రొత్త రంగులు వచ్చినవి, జట్టు జగత్ప్రసిద్ధమైనది. నేడు ఆ పేరు విన్నవారిలో సరస్సు నెవరును తలపరు. కాని అప్పుడప్పుడు ఒక ఆటకు పాత లేత నీలపు ఉడుపు ధరించి జట్టు తన పుట్టినూరిని జ్ఞప్తికి తెచ్చుకొనును.

ఇంకను చిత్రము యూటా జట్టుది. జాజ్ సంగీతమునకు పుట్టినిల్లు న్యూ ఆర్లియన్స్ నగరము. అచట 1974లో జాజ్ అను పేరుతో ఒక జట్టు బయలుదేరినది. ఊదా, ఆకుపచ్చ, బంగారు వన్నె దాని రంగులు. అవి ఆ ఊరి మార్డి గ్రా ఉత్సవపు రంగులు. అయిదేండ్లకే, 1979లో, జట్టు సాల్ట్ లేక్ సిటీ అను కొండల నడిమి ఊరికి చేరినది. సంగీతపు పేరు మిగిలినది, ఉత్సవపు రంగులు కొంతకాలము మిగిలినవి. 1996లో బనియనుపై మంచుకొండలు కూడ వెలసినవి. పుట్టినింటి పేరు, మెట్టినింటి కొండలు ఒకే గుడ్డపై నిలిచినవి.

ఇది మన బంగినపల్లి కథ కాదా? రాయలసీమలోని బంగినపల్లి పేరు ధరించిన పండు కృష్ణా, గోదావరి తీరపు తోటలలో కాచుచున్నది. 2017లో ఆ పండునకు ఆంధ్రప్రదేశ్ పక్షమున భౌగోళిక గుర్తింపు లభించినప్పుడును ఆ పేరే నిలిచినది. నూజివీడు తానుగా ఇదివరకు కృష్ణా జిల్లాలో ఉండెడిది. 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరినది. చెట్టు కదలకుండగనే జిల్లా మారినది. ఐనను నూజివీడు మామిడి నూజివీడు మామిడియే. పేరు అనునది సరిహద్దుల కంటె గట్టిది. దానిని మోయువారు ఉన్నంతకాలము అది చెడదు.

మోయుట అనునది అమ్ముటగా మారినప్పుడు చిక్కు వచ్చును. 2017 నుండి అమెరికా జాతీయ సంఘపు జట్లు బనియనుపై ఒక చిన్న వ్యాపార ప్రకటన ధరించుటకు అనుమతి లభించినది. ఆ ఋతువు నుండియే ప్రతి జట్టును తన నగర విశేషమును చూపు ఒక ప్రత్యేకమైన ఉడుపు తయారుచేయుట వాడుక యైనది. ఇది మొదట శుభవార్తగనే తోచును. కొన్ని నిజముగా మంచివి. ఫీనిక్స్ జట్టు 2022–23 ఋతువులో వైడూర్యపు నీలిపచ్చని ఉడుపు ధరించి, అరిజోనా రాష్ట్రములోని 22 ఆదివాసి తెగలకు గౌరవము చూపినది. ఎన్నడును బనియనుపై కెక్కని ప్రజలు ఆనాడు ఎక్కిరి. కాని ఏటేట క్రొత్త ఉడుపు కావలెననినచో ఏటేట క్రొత్త చరిత్ర ఎచట దొరకును? అప్పుడు చరిత్ర ఒక సాకు, బనియను ఒక సరకు అగును. ఏడాదికొకసారి మారు జెండాకు నమస్కరించుట కష్టము.

మన దేశమున బాస్కెట్ బాల్ జట్లకు అంత చిరకాలపు ప్రజాభిమానము ఏర్పడలేదు. ఉడుపులో ఊరు కనిపించుట మనకు ఫుట్‌బాల్‌లోను, క్రికెట్‌లోను, కబడ్డీలోను వెదకవలెను. కలకత్తాలో 1889లో స్థాపింపబడిన మోహన్ బగాన్ క్లబ్బు రంగులు ఆకుపచ్చ, ముదురెరుపు. 1911లో, బూట్లు తొడిగిన ఆంగ్ల సైనిక జట్టును, దాదాపు అందరును ఉత్త కాళ్లతో ఆడి ఆ క్లబ్బువారు ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిరి. నాటి నుండి ఆ రెండు రంగులు బనియను హద్దు దాటి స్వాభిమానపు గుర్తులైనవి. 1920లో ఏర్పడిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఎరుపు, బంగారు వన్నెలు ధరించును. దేశ విభజన పిమ్మట తూర్పు వంగము నుండి కట్టుబట్టలతో వచ్చినవారికి ఆ రంగులు విడిచి వచ్చిన ఊళ్లను తలపించునవి యైనవి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ శాఖ ఒక వ్యాపారవేత్త జట్టుతో కలిసి, ఏ.టి.కె. అను మూడక్షరములు పేరు ముందు చేరినప్పుడు అభిమానులు ఊరకుండలేదు. బ్యానర్లు పట్టిరి, నిరసన తెలిపిరి. 2023లో ఆ అక్షరములు తొలగినవి. జట్టు యజమానిది కావచ్చును, కాని పేరుపై ఊరికిని హక్కు కలదని ఆ ప్రజలు నిరూపించిరి.

తెలుగునాట చూడుడు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌నే ఓడించి డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చినది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. ఆ జట్టు పేరులో ఒక ఊరు, ఒక ఉద్యోగము రెండును ఇమిడియున్నవి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది. 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచిన నాటికి అదే జట్టు ఆంధ్ర పోలీసు జట్టుగా పిలువబడెను. రాష్ట్ర చరిత్ర మారగా జట్టు పేరును దానితో నడిచినది.

ఇటీవలి జట్లలో యజమాని వాటా పెరిగినది. 2008లో హైదరాబాదు పేర ఐ.పి.ఎల్. క్రికెట్‌లో డెక్కన్ చార్జర్స్ జట్టు ఏర్పడి, 2009లో విజేతయై, 2012లో అంతరించినది. డెక్కన్ అనగా దక్కను పీఠభూమి; అదియే దానిని నడపిన పత్రిక పేరులోని మాటయు. 2013లో దాని స్థానమున వచ్చిన సన్‌రైజర్స్ జట్టు నారింజ రంగు ధరించినది. ఆ సూర్యుడు గోలకొండపై ఉదయించిన సూర్యుడు కాడు. జట్టు యజమానులైన చెన్నై టెలివిజను సంస్థ పేరులోని సూర్యుడు. ఐనను 2016లో ఆ జట్టు విజేత యైనది. ఉప్పలు మైదానమంతయు నారింజ వన్నెతో నిండుట ప్రజలకు అలవాటైనది. కలెక్టరు పేరు పెట్టినంత మాత్రమున ఆ కాయ కలెక్టరుది కాదు గదా! పెట్టినవాడెవడైనను, అభిమానముతో మోసినవారిదే రంగు.

కాని ఆ అభిమానమునకు రక్షణ ఏదీ? 2019లో పూణే జట్టు అంతరింపగా దాని స్థానమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడినది. 2022లో అది ఇండియన్ సూపర్ లీగ్ విజేత యైనది. రహీమ్ నాటి వైభవము మరల వచ్చినదని వృద్ధులు కూడ సంతసించిరి. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడ మార్చుకొన్నది. లేకర్స్ జట్టు ఊరు విడిచినను సరస్సు పేరును తోడు తీసికొనిపోయినది. ఇచట అదియు లేదు. నాడు ఆనందముతో కొన్న బనియను నేడు ఎందరి ఇండ్లలోనో బీరువా అడుగున మడిచియున్నది. అది ఇప్పుడు ఏ జట్టు ఉడుపును కాదు. ఒక ఊరి జ్ఞాపకము మాత్రమే.

వీటన్నిటికి భిన్నముగా ఒక చక్కని పేరు కూడ కలదు. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనది. ఆ తరువాతి నెలలోనే ప్రో కబడ్డీ పోటీలు ప్రారంభమైనవి. అందు మన జట్టు ఊరి పేరును గాని, రాష్ట్రపు పేరును గాని ధరింపక, భాష పేరును ధరించి తెలుగు టైటన్స్ అయినది. విశాఖపట్టణములో ఆడినను, హైదరాబాదులో ఆడినను ఆ పేరు చెల్లును. సరిహద్దు గీతలు మారినను చెడని పేరును ఎన్నుకొనుట వివేకము.

పెద్ద జట్ల కథలు మనకేల యని కొందరు అనవచ్చును. నాకు ఇవన్నియు తలపునకు వచ్చుటకు కారణము ఒక చిన్న సంఘటన. ఆ నడుమ ఒక గ్రామమున పాఠశాలల పోటీలు చూడబోయితిని. బాస్కెట్ బాల్ ఆటలో ఒక జట్టు కుర్రవాండ్రు అద్భుతముగా ఆడిరి. వారి బనియనులపై ముందు ఒక దుకాణము పేరు, వెనుక అదే దుకాణము పేరు. ఆట ముగిసిన పిమ్మట, గెలిచిన జట్టును వేదికపైకి పిలువవలసిన పెద్దమనిషి తికమకపడి, 'బాబూ, మీది ఏ ఊరు?' అని అడిగెను. ఆ బాలుడు బనియను వంక ఒకసారి చూచుకొని, తల యెత్తి తన ఊరి పేరు చెప్పెను. ఉడుపు చెప్పవలసిన మాటను నోటితో చెప్పవలసివచ్చినది. దుస్తులు దానము చేసిన వర్తకుని తప్పు పట్టుట లేదు. ఆయన లేనిచో అవియు ఉండెడివి కావు. కాని ఆయన పేరునకు వీపు చాలును. గుండెపై ఊరి పేరు ఉండవలెను.

నూజివీటి బాలుర జట్టునకు ఒక ఉడుపు కుట్టింపవలసివచ్చినచో ఏమి చేయవచ్చునో ఊహించి చూతము. లేత రంగు ఒకటి, ముదురు రంగు ఒకటి నియమము ప్రకారము కావలెను గదా. పండిన రసము పసుపు ఒకటి, ముదురు కాయ ఆకుపచ్చ రెండవది: ఆ రెండు రంగులును తోట స్వయముగా ఇచ్చుచున్నది. అంచునకు మామిడి పిందెలు. మన కలంకారీలోను, పట్టుచీరెల అంచులలోను, నగలలోను తరతరములుగా ఉన్న పిందెకు క్రొత్త చిత్రకారుని వెదకనక్కరలేదు. నూజివీడు వీణల తయారీకి కూడ పేరు పొందిన ఊరు. పనస దుంగను తొలిచి కుండను మలచు పనివారి ఊరు. కావున వీపున అంకె క్రింద చిన్న వీణ యుండవచ్చును. పేరు తెలుగు అక్షరములలో ఉండవలెను. ఇందులో దేనికిని అధికమైన ఖర్చు లేదు. కావలసినది ఒక సాయంకాలము కూర్చుండి, మన ఊరు దేనికి పేరు పొందినదని పిల్లలను అడుగుట మాత్రమే. సమాధానము వెదకుటలో వారు తమ ఊరి చరిత్రను నేర్చుకొందురు. బనియను ఆ పాఠమునకు ఫలము.

మరి రెండు కట్టుబాట్లు కూడ మంచివి. ఒకసారి ఎన్నుకొన్న రంగును ఏటేట మార్చరాదు. బాస్టన్ ఆకుపచ్చకు విలువ వచ్చినది మార్పు వలన కాదు, మార్పు లేమి వలన. జట్టునకు మంచి పేరు తెచ్చిన ఆటగాడు బడి విడిచి వెళ్లునప్పుడు ఆయన అంకెను ఒక బనియనుతో సహా బడిలో గోడకు తగిలించి ఉంచవలెను. క్రిందితరగతి బాలుడు దానిని చూచి, ఇది ఎవరిదని అడుగును. ఆ ప్రశ్నతోనే ఒక ఊరి జట్టునకు చరిత్ర మొదలగును.

పండును చేతికి తీసికొని 'ఏ ఊరి కాయ?' అని బేరగాడు అడిగినప్పుడు రైతు తడుముకొనడు. ఆట ముగిసి, చెమటతో తడిసిన బనియనుతో నిలిచిన కుర్రవానిని 'నీది ఏ ఊరు?' అని ఎవరును అడుగనక్కర లేకుండ చేయుట ఆ ఊరి పెద్దల చేతిలోని పని.